హాల్లోకి పెద్ద టీవీ: 65 అంగుళాలా, 75 అంగుళాలా? ఓఎల్ఈడీయా, మినీ ఎల్ఈడీయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హాలు గోడ నుంచి గోడకు 12 అడుగులు, సోఫా వెనక గోడకు ఆనించి ఉంది. టీవీ పెట్టే గోడకు ఎదురుగా పెద్ద కిటికీ. పగలంతా అమ్మగారు వార్తలు, సీరియళ్లు చూస్తారు, ఆవిడ కుర్చీ ఒక పక్కగా ఉంటుంది. రాత్రిపూట మీరిద్దరూ సినిమాలు చూస్తారు. అబ్బాయికి గేమ్ కన్సోల్ ఉంది. ఇప్పుడున్న 43 అంగుళాల టీవీ తీసేసి 65 కొనాలా, 75 కొనాలా, అందులోనూ ఏ రకం కొనాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. 75 అంగుళాల మినీ ఎల్ఈడీ తీసుకోండి. ప్యానెల్, అంటే తెర, 120 హెర్ట్జ్‌ది (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేది) ఉండాలి. అది బడ్జెట్‌లోకి రాకపోతే అదే రకంలో 65 తీసుకోండి. అంతే గానీ అదే డబ్బుకు మామూలు 75 వస్తోంది కదా అని దానివైపు వెళ్లకండి. ఓఎల్ఈడీ అంటే నాకు చాలా ఇష్టం, రాత్రి సినిమాకు దాన్ని మించింది లేదు. కానీ మీరు చెప్పిన హాలుకు, మీ ఇంట్లో టీవీ వాడే తీరుకు అది సరిపడదు. ఎందుకో కింద చెప్తాను.

నేను ఇళ్లలో టీవీలు బిగించి, పిక్చర్ సెట్టింగులు సరిచేసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. బాగోలేదని నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువ చోట్ల టీవీలో లోపం ఉండదు. ఆ గదికి ఆ టీవీ కుదరకపోవడమే ఉంటుంది. అందుకే మోడళ్ల సంగతి పక్కన పెట్టి, ముందు మీ గది గురించే మాట్లాడతాను.

సైజు

12 అడుగులు అన్నారు, కానీ అది గోడల మధ్య దూరం. మనకు కావాల్సింది కంటికీ తెరకూ మధ్య దూరం. సోఫా గోడకు ఆనించి ఉన్నా, కూర్చున్నప్పుడు తల గోడకు అడుగున్నర ముందుకు వస్తుంది. టీవీ, దాని బ్రాకెట్ కలిసి ఇటు నుంచి ఇంకో అర అడుగు తింటాయి. అంటే మీ అసలు దూరం దాదాపు 10 అడుగులు. మీరే ఒకసారి సోఫాలో మామూలుగా కూర్చుని, టేపు పట్టించి కొలిపించండి.

ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి 1.6తో భాగించండి. 10 అడుగులంటే 120 అంగుళాలు, 1.6తో భాగిస్తే 75. తెర మన చూపులో అడ్డంగా 30 డిగ్రీల మేర కనిపించే సైజు అది. ఇంట్లో అందరూ కలిసి అన్నీ చూసే టీవీకి 30 డిగ్రీలు హాయిగా ఉంటుంది. థియేటర్‌లో కూర్చున్నట్టు కావాలంటే 40 డిగ్రీలు అంటారు, దానికి 1.2తో భాగించాలి. మీ దూరానికి అది 100 అంగుళాలు అవుతుంది. సినిమాలు మాత్రమే చూసే గదికి అది బాగుంటుంది కానీ, రోజంతా వార్తలు నడిచే హాలుకు అక్కర్లేదు. 65 అయితే మీకు 26 డిగ్రీల దాకా వస్తుంది. అదీ తక్కువేం కాదు, 43 నుంచి వెళ్తున్నారు కాబట్టి చాలా పెద్దగానే అనిపిస్తుంది.

అంగుళాల లెక్క మూల నుంచి మూలకు కొలిచేది కాబట్టి తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. నిజానికి 65 తెర వైశాల్యం 55 కన్నా దాదాపు 40 శాతం ఎక్కువ. 65 నుంచి 75కి ఇంకో 33 శాతం పెరుగుతుంది. 75 అంగుళాల తెర వెడల్పు సుమారు 166 సెంటీమీటర్లు, ఎత్తు 93. పాత వార్తాపత్రికలు అతికించి అంత కొలతకు గోడ మీద పెట్టి రెండు రోజులు ఉంచండి. ఇంట్లో వాళ్లందరికీ అలవాటవుతుంది, మరీ పెద్దదేమో అనే అనుమానం ఉంటే అప్పుడే తేలిపోతుంది. నేను ఎవరికైనా ఇదే చెప్తాను, ఇందులో ఖర్చేమీ లేదు.

అంత పెద్ద తెర మీద పాత కేబుల్ ఛానెళ్లు ఎలా ఉంటాయని మీకు సందేహం రావచ్చు. బాగుండవు. తక్కువ రిజల్యూషన్‌లో వచ్చే ఛానెల్‌ను 75 అంగుళాలకు సాగదీస్తే మసకగానే ఉంటుంది. మంచి ప్రాసెసర్ ఉన్న టీవీ కొంత మెరుగుపరుస్తుంది కానీ లేని వివరాన్ని తేలేదు. అమ్మగారు చూసే ఛానెళ్లకు హెచ్‌డీ ప్యాకేజీ పెట్టించండి, టీవీ మార్చినంత తేడా అక్కడే కనిపిస్తుంది.

4కె కన్నా ఎక్కువ పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) ఉండే 8కె గురించి అడగలేదు, మంచిదే. 10 అడుగుల నుంచి 75 అంగుళాల తెర మీద 4కెకీ 8కెకీ తేడా కంటికి తెలియదు.

వెలుతురు, ప్యానెల్ రకం

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. మీ కిటికీ సరిగ్గా టీవీకి ఎదురుగా ఉంది. పగలు ఆ వెలుతురంతా తెర మీద పడుతుంది, కిటికీ బొమ్మ కూడా తెరలో కనిపిస్తుంది. దాన్ని తట్టుకోవాలంటే తెర మొత్తం ఒకేసారి గట్టిగా వెలగగలగాలి.

పేర్ల గందరగోళం ముందు తీసేద్దాం. క్యూఎల్ఈడీ అన్నది 2017లో సామ్‌సంగ్ ప్రచారంలోకి తెచ్చిన పేరు, తర్వాత వేరే కంపెనీలూ వాడుతున్నాయి. అది కూడా ఎల్‌సీడీనే. వెనక ఎల్ఈడీ లైటు, మధ్యలో రంగులు శుద్ధంగా వచ్చేందుకు క్వాంటమ్ డాట్ పొర ఉంటాయి. కాబట్టి క్యూఎల్ఈడీ అనే మాట ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. వెనక లైట్లు ఎలా అమర్చారన్నదే అసలు ప్రశ్న.

చౌక రకాల్లో లైట్లు తెర అంచుల్లోనే ఉంటాయి, లేదా వెనక కొద్ది లైట్లు ఉన్నా అన్నీ కలిసే వెలుగుతాయి, కలిసే తగ్గుతాయి. లోకల్ డిమ్మింగ్ ఉన్న టీవీలో వెనక లైట్లను జోన్లుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ జోన్‌ను తగ్గిస్తారు. ఇల్లంతటికీ ఒకే స్విచ్చు ఉండటానికీ, ఏ గది స్విచ్చు ఆ గదికి ఉండటానికీ ఉన్నంత తేడా ఇది. మినీ ఎల్ఈడీ అంటే ఆ లైట్లను బాగా చిన్నవి చేసి, వందల్లో, ఖరీదైన వాటిలో వేలల్లో జోన్లు పెట్టగలగడం. వెలుతురు ఎక్కువ వస్తుంది, నలుపు కూడా నలుపులా ఉంటుంది. పెట్టె మీద మినీ ఎల్ఈడీ అని రాసి ఉన్నా జోన్లు చాలా తక్కువ ఉన్న మోడళ్లు వస్తున్నాయి. అందుకే ఎన్ని జోన్లు అని తప్పకుండా అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోతే, కొలిచి చూసి రాసిన సమీక్షలు చదవండి.

ఓఎల్ఈడీలో వెనక లైటే ఉండదు. ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. చీకటి గదిలో నల్లటి సీను నిజంగా నల్లగా ఉంటుంది, నల్లటి తెర మీద తెల్ల సబ్‌టైటిళ్ల చుట్టూ మసక వెలుగు రాదు. మినీ ఎల్ఈడీలో ఆ మసక వెలుగు కొంచెమైనా ఉంటుంది, దాన్నే బ్లూమింగ్ అంటారు. రాత్రి లైట్లార్పి సినిమా చూసేవాళ్లకు అందుకే ఓఎల్ఈడీ చెప్తాను.

మరి మీకు ఎందుకు వద్దంటున్నాను? రెండు కారణాలున్నాయి. ఒకటి, తెర మొత్తం తెల్లగా వెలగాల్సి వచ్చినప్పుడు ఓఎల్ఈడీ తన వెలుతురును తానే తగ్గించుకుంటుంది. చిన్న మెరుపును బ్రహ్మాండంగా చూపించేదే, పట్టపగలు తెల్లటి వార్తల స్టూడియోను చూపించేటప్పుడు మినీ ఎల్ఈడీ అంత వెలుతురు ఇవ్వలేదు. క్వాంటమ్ డాట్ ఓఎల్ఈడీ తెరల మీద బయటి వెలుతురు పడితే నలుపు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది కూడా. ఎదురుగా కిటికీ ఉన్న హాల్లో ఇది రోజూ కనిపించే సంగతి.

రెండోది మచ్చ పడటం. వార్తల ఛానెల్ లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ, ఒకేచోట గంటల తరబడి ఉంటాయి. ఓఎల్ఈడీలో ఆ పిక్సెళ్లు మిగతా వాటికన్నా ఎక్కువ అరిగి, చివరికి ఆ ఆకారం లేతగా నిలిచిపోతుంది. ఇప్పటి మోడళ్లు దీన్ని బాగా తట్టుకుంటున్నాయి, అన్ని రకాల కార్యక్రమాలూ మార్చి మార్చి చూసే ఇంట్లో భయపడాల్సిన పని లేదు. కానీ రోజంతా ఒకే వార్తా ఛానెల్ నడిచే ఒక ఇంట్లో, ఫుట్‌బాల్ మైదానం ఆకుపచ్చ మీద కింది పట్టీ నీడ స్పష్టంగా కనిపించడం నేను చూశాను. అలాంటి మచ్చలకు చాలా కంపెనీల వారంటీ వర్తించదు.

ఇంకో చిన్న విషయం. నా మాట కాదని మీరు ఓఎల్ఈడీయే తీసుకుంటే, రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్చు ఆపకండి. రిమోట్‌తో ఆపి వదిలేయండి. చాలా మోడళ్లు మొత్తం 4 గంటల వాడకం అయ్యాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు పిక్సెళ్లను సరిచేసుకునే పని చేసుకుంటాయి. కరెంటు లేకపోతే ఆ పని జరగదు. జాగ్రత్తగా మెయిన్ స్విచ్చు ఆపేసే ఇళ్లలోనే తెర త్వరగా పాడవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

అమ్మగారి కుర్చీ

మీ ప్రశ్నలో నన్ను ఇబ్బంది పెట్టింది ఈ కుర్చీ ఒక్కటే. మినీ ఎల్ఈడీ టీవీల్లో ఎక్కువగా వీఏ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్ వాడతారు. ఎదురుగా కూర్చుంటే నలుపు చాలా బాగుంటుంది, పక్క నుంచి చూస్తే రంగులు వెలిసినట్టు అవుతాయి. ఐపీఎస్ రకం ప్యానెల్ పక్క నుంచి కూడా బాగుంటుంది కానీ నలుపు బూడిదగా ఉంటుంది. కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుతురు తేడా, వీఏలో 3000కి 1 దాకానో ఆపైనో ఉంటే, ఐపీఎస్‌లో 1000కి 1 చుట్టుపక్కల ఉంటుంది. ఈ ఒక్క విషయంలో ఓఎల్ఈడీ అందరికన్నా ముందుంది, ఎటు నుంచి చూసినా దాదాపు ఒకేలా కనిపిస్తుంది.

అయినా నేను మినీ ఎల్ఈడీ వైపే ఉంటాను, ఎందుకంటే వెలుతురును మార్చలేం, కుర్చీని మార్చగలం. కుర్చీని రెండడుగులు మధ్యకు జరిపితే చాలావరకు సరిపోతుంది. అది కుదరకపోతే పక్కకు తిరిగే బ్రాకెట్ వేయించండి, పగలు ఆవిడ వైపు తిప్పి పెట్టొచ్చు. కిటికీ బొమ్మ కూడా ఆ మేరకు తెర మీద నుంచి తప్పుకుంటుంది. ఖరీదైన మినీ ఎల్ఈడీ మోడళ్లలో కొన్నింటికి, పక్క నుంచి కూడా బాగా కనిపించేలా ప్రత్యేక పొర ఉంటుంది. షోరూముకు అమ్మగారిని తీసుకెళ్లి, టీవీకి పక్కగా నిలబెట్టి చూపించండి. ఆవిడకు నచ్చితే మీకు ఇంకే సమీక్షా అక్కర్లేదు.

సినిమాలు, హెచ్‌డీఆర్

హెచ్‌డీఆర్ అంటే వెలుగు నీడల తేడాను మామూలు కన్నా ఎక్కువగా చూపించే వీడియో. హెచ్‌డీఆర్ సపోర్ట్ అని ఇప్పుడు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. ఆ సిగ్నల్‌ను తీసుకోగలదు అని మాత్రమే దాని అర్థం. వెలుతురు 300 నిట్స్ (తెర వెలుతురుకు కొలత) దగ్గర ఆగిపోయి, లోకల్ డిమ్మింగ్ లేని టీవీలో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ మామూలు కన్నా చీకటిగా కనిపిస్తుంది. హెచ్‌డీఆర్ సినిమాలను ఎక్కువగా 1000 నిట్స్ లక్ష్యంగా తయారుచేస్తారు, కొన్నింటిని 4000కి కూడా. అందుకే మంచి బ్యాక్‌లైట్ మీద అంతగా పట్టుబడుతున్నాను. హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్ కావాలనుకుంటే సామ్‌సంగ్ టీవీల్లో అది రాదు, వాళ్లది హెచ్‌డీఆర్10 ప్లస్. అదొక్కటే కారణంగా మంచి ప్యానెల్‌ను వదులుకోకండి.

సినిమాలకు సంబంధించి నాకు రోజూ ఎదురయ్యే ఫిర్యాదు ఇంకోటి ఉంది: కొత్త టీవీలో సినిమా చూస్తుంటే సీరియల్ చూసినట్టు ఉంది అంటారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ మధ్యలో సొంతంగా ఫ్రేములు కల్పించి చూపిస్తుంటే కదలిక మరీ నున్నగా అయిపోతుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఆ సెట్టింగు ఉంటుంది. దాన్ని ఆపేయండి, లేదా అతి తక్కువలో ఉంచండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే పెట్టండి, అందులో ఇవన్నీ ముందే ఆపి ఉంటాయి.

120 హెర్ట్జ్ ఎందుకన్నది కూడా ఇక్కడే అర్థమవుతుంది. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది, ప్రతి ఫ్రేమూ సమానంగా 5 సార్లు కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేము 3 సార్లు, తర్వాతది 2 సార్లు చూపించాల్సి వస్తుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే సీన్లలో బొమ్మ చిన్నగా తడబడేది అందుకే. అయితే ప్రచారంలో 240, 480 లాంటి మోషన్ నంబర్లు చెప్తుంటారు, అవి ప్యానెల్ వేగం కాదు. ప్యానెల్ నేటివ్ రిఫ్రెష్ రేటు ఎంత అని అడగండి.

గేమింగ్

ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 4కెలో 120 ఫ్రేముల దాకా పంపగలవు. దానికి టీవీలో హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. కానీ 2.1 అని రాసినంత మాత్రాన అన్నీ ఉన్నట్టు కాదు, అందులో చాలా సౌకర్యాలు ఐచ్ఛికం. కాబట్టి 4కె 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్ (గేమ్ ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం), ఏఎల్‌ఎల్‌ఎం (గేమ్ పెట్టగానే టీవీ తనంతట తానే గేమ్ మోడ్‌కు మారడం) అన్న మూడు మాటలూ విడివిడిగా ఉన్నాయా చూడండి. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా టీవీల్లో నాలుగు పోర్టులుంటే రెండే పూర్తి వేగంవి, ఆ రెండింట్లో ఒకటి ఈఆర్క్ పోర్టు (టీవీ శబ్దాన్ని బయటి స్పీకర్‌కు పంపేది), సౌండ్‌బార్‌కు పోతుంది. కన్సోల్ ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు. రెండోది కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్క చూసుకోండి.

శబ్దం

ఇంత పల్చటి టీవీల్లో మంచి స్పీకర్‌కు చోటు ఉండదు. ఉన్నవి కూడా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. సంగీతం గట్టిగా, మాటలు మెల్లగా వినిపించేది అందుకే. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న సమస్య కాదు. టీవీకి పెట్టే డబ్బులోంచే కొంత తీసి సౌండ్‌బార్‌కు ఉంచండి. మధ్యలో సెంటర్ ఛానెల్, అంటే మాటల కోసం స్పీకర్, విడిగా ఉన్నది అయితే మాటలు స్పష్టంగా వస్తాయి. కొన్నాళ్లు ఆగి కొనేట్టయితే ఈలోపు క్లియర్ వాయిస్ లాంటి సెట్టింగు ఉంటుంది, దాన్ని పెట్టి చూడండి.

టీవీ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడా, వెబ్ఓఎస్సా, టైజెనా అన్న విషయానికి ఎక్కువ సమయం పెట్టకండి. సాఫ్ట్‌వేర్ నచ్చకపోయినా, నాలుగేళ్లకు నెమ్మదించినా ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెడితే సరిపోతుంది. ప్యానెల్‌ను మాత్రం తర్వాత మార్చుకోలేం.

బిగించడం

దయచేసి టీవీని పైకి ఎక్కించకండి. సోఫాలో కూర్చున్నప్పుడు కంటి ఎత్తు నేల నుంచి సుమారు 100 నుంచి 110 సెంటీమీటర్లు ఉంటుంది. తెర మధ్యభాగం ఆ ఎత్తులో లేదా దానికి కొంచెం పైన ఉండాలి. మీ 75కి అంటే కింది అంచు నేల నుంచి దాదాపు 60 సెంటీమీటర్లు. బిగించేవాళ్లు అలవాటుగా అంతకన్నా చాలా ఎత్తులో పెడతారు, మెడ నొప్పి వచ్చాక నన్ను పిలుస్తారు. గోడ మీద పెన్సిల్‌తో మీరే గీసి పెట్టి, ఆ గీత చూపించండి.

75 అంగుళాల టీవీ 30 కిలోలు దాటడం మామూలే. గోడ ఇటుకదా, కాంక్రీటా, జిప్సమ్ బోర్డా ముందే చెప్పండి. జిప్సమ్ బోర్డు అయితే వెనక ఫ్రేము దొరికే చోటే స్క్రూలు పడాలి. బ్రాకెట్ వెసా (VESA) కొలత, అంటే టీవీ వెనక రంధ్రాల మధ్య దూరం, మోడల్‌ను బట్టి మారుతుంది. గోడకు కాకుండా బల్ల మీద పెడితే కాళ్ల మధ్య దూరం కొలవండి. పెద్ద టీవీల్లో కాళ్లు రెండు చివర్లకు ఉంటాయి, పాత బల్ల చాలకపోవచ్చు. చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లయితే వెనక నుంచి గోడకు పట్టీ కట్టించండి.

లిఫ్టు, గుమ్మం, మెట్ల మలుపు కూడా కొలవండి. 85 అంగుళాల టీవీ లిఫ్టులో పట్టక, మెట్ల మలుపు దగ్గర తిరగక, వెనక్కి పంపాల్సిన ఇళ్లు నాకు తెలుసు. తెచ్చేటప్పుడు పెట్టె నిలువుగానే ఉండాలి, పడుకోబెట్టి తెస్తే ప్యానెల్ మీద బరువు పడి లోపల పగిలే ప్రమాదం ఉంది.

మొదటి వారం

టీవీ ఆన్ చేయగానే షోరూం మోడా, హోం మోడా అని అడుగుతుంది, హోం ఎంచుకోండి. రంగులు, వెలుతురు ఎక్కువ చేసి చూపించే వివిడ్ మోడ్ నుంచి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చండి. మొదట్లో బొమ్మ పసుపు పచ్చగా ఉందనిపిస్తుంది, నీలి వెలుతురుకు కన్ను అలవాటుపడి ఉండటం వల్ల అలా ఉంటుంది. ఒక వారం అలాగే ఉంచండి, తర్వాత వివిడ్ పెడితే మీకే ముఖాలు నీలంగా కనిపిస్తాయి. పగటికి వెలుతురు ఎక్కువగా ఒక మోడ్, రాత్రికి తక్కువగా ఒక మోడ్ సెట్ చేసుకుని, ఎలా మార్చాలో అమ్మగారికి రిమోట్‌లో చూపించండి.

తర్వాత యూట్యూబ్‌లో బూడిద రంగు టెస్ట్ వీడియో ఒకటి పెట్టి తెర మొత్తం ఒకేలా ఉందా చూడండి. కొద్దిపాటి మరకలు ప్రతి ప్యానెల్‌లోనూ ఉంటాయి, వాటి గురించి టెన్షన్ పడకండి. కానీ మైదానం లాంటి ఒకే రంగు దృశ్యంలో కెమెరా పక్కకు కదిలేటప్పుడు నిలువు చారలు కనిపిస్తున్నా, వెలగని పిక్సెళ్లు మధ్యలో ఉన్నా వెంటనే ఫిర్యాదు చేయండి. ప్యానెల్ మార్చాలంటే దాదాపు కొత్త టీవీ అంత ఖర్చవుతుంది, కాబట్టి వారంటీ కాగితంలో ప్యానెల్ ఎన్నేళ్లు ఉందో విడిగా చదవండి. వాపసు గడువు తీరేదాకా పెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకండి, అవి లేకుండా ఇంత పెద్ద తెరను క్షేమంగా తిరిగి పంపడం కష్టం.